కష్టం ఎవరిది, కృతజ్ఞత ఎవరిది? - క్లౌ దొర ఆత్మకథపై వొక పరిశీలన

మతప్రచారకుల ఆత్మకథలను మన విమర్శకులు సాహిత్యంగా చదవడం అరుదు. విశ్వాసులు వాటిని సాక్ష్యాలుగా చదువుతారు. చరిత్రకారులు వాటిలోంచి తేదీలూ లెక్కలూ ఏరుకుంటారు. అభ్యుదయవాదులమైన మనమో, సామ్రాజ్యవాదపు పనిముట్లని వొక్క మాట అనేసి పక్కన పెడతాం. ఆ మాట అబద్ధమని నేననను. కాని వొక పుస్తకం ఎవరికి పనిముట్టయిందో చెప్పినంత మాత్రాన అందులో ఏముందో చెప్పినట్టు కాదు గదా! కష్టాలలో విశ్వాసం దొరకడం, ఆ విశ్వాసంలోంచి కృతజ్ఞత పుట్టడం అనే ఇతివృత్తం చాలా పాతది, చాలా బలమైనది. దాన్ని వొక యువ మిషనరీ ఒంగోలు మట్టిమీద నిలబడి చెప్పినప్పుడు, ఆ కష్టం ఎవరిది, ఆ కృతజ్ఞత ఎవరిది అని అడగవలసిన బాధ్యత తెలుగు విమర్శకుడికి వుంది.

నేను పరిశీలించదలచుకున్నది జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. 1914లో న్యూయార్కులో మాక్మిలన్ వారు ప్రచురించారు. క్లౌ 1836లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటా ప్రాంతంలో భూములు కొలిచే సర్వే బృందంలో పనిచేశాడు. న్యాయవాది కావాలనుకున్నవాడు అమెరికన్ బాప్టిస్టు మిషను ఉద్యోగిగా 1865లో మద్రాసు రేవులో దిగాడు. అప్పటికతనికి 29వ ఏడు. మరుసటి ఏడు ఒంగోలు చేరాడు. ఆ సర్వేయరు పని సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ కథలో బైబిలెంత పని చేసిందో కొలతగొలుసూ అంత పని చేసింది.

ముందుగా వొక చిక్కు. ఆత్మకథ అంటున్నాం. ‘నేను’ అని మాట్లాడేదీ క్లౌ దొరే. కాని ఆయన 1910లో చనిపోయాడు, పుస్తకం 1914లో వచ్చింది. ఆయన చెప్పగా విని రాసినది ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఈమె సామాన్యురాలు కాదు. స్త్రీ హక్కుల రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందిన విదుషి. అమెరికాలో ‘సాంఘిక సువార్త’ అనే ఆలోచనకు ప్రధాన వ్యాఖ్యాత అయిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఈమెకు తమ్ముడు. కనక పుస్తకంలో రెండు గొంతులు వినబడతాయి. వొకటి, దేవుడు పిలిచాడు, నేను వచ్చాను, ఆయన నడిపించాడు అనే యువకుడి గొంతు. రెండవది, ఈ మాదిగపల్లెలు వూరితో ఏ ఆర్థిక సంబంధంలో వున్నాయి, వీళ్లు గుంపులుగా కదలడానికి కారణమేమిటి అని విచారించే గొంతు. మొదటి గొంతుకు జవాబు ముందే తెలుసు. రెండవ గొంతు వెతుక్కుంటుంది. పుస్తకం ఎక్కడ బాగుందంటే, రెండో గొంతు మొదటిదానికి అడ్డుపడిన చోటల్లా బాగుంది.

మిషనరీ కథలకు వొక కట్టుబాటు వుంది. మన కావ్యాలకు అష్టాదశ వర్ణనలున్నట్టు వాటికీ కొన్ని మెట్లున్నాయి: పిలుపు, ప్రయాణం, నిష్ఫలమైన ఏళ్లు, ప్రార్థన, శోధన, విజయం, స్తుతి. తెలుగు మిషను చరిత్ర ఈ మెట్లకు అతికినట్టు సరిపోయింది. శామ్యూల్ డే 1836లో వచ్చాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. 1853లో ఈ మిషనును మూసివెయ్యడమా మానడమా అని అమెరికాలో చర్చ జరిగింది. పటంమీద వొంటరి నక్షత్రంలా వుందన్నారు. ఆ ‘వొంటరి నక్షత్రం’ మీద శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ పద్యం రాశాడు, మిషను నిలిచింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యువెట్ దొర, ఆయన భార్య, ఇక్కడివాళ్లయిన నర్సు, జూలియా, రూతు ఒంగోలు కొండ ఎక్కి ఈ ప్రాంతానికి వొక బోధకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. పన్నెండేళ్లకు క్లౌ వచ్చాడు. ఇరవైనాలుగేళ్లకు వేలమంది చేరారు. ప్రార్థన, ఫలం. మిషను ప్రచార సాహిత్యం ఈ కథను ఇలాగే చెబుతుంది.

కథగా ఇది ఎంత అందమైనదో అంత ప్రమాదకరమైనది. ఎందుకంటే ప్రార్థనకూ ఫలానికీ నడుమ వొక కరువు వుంది. ఆ కరువు ఈ వరసలో వొక మెట్టుగా మారిపోతుంది.

క్లౌ పడిన స్వంత కష్టాలు లేకపోలేదు. వొకటి చెబుతాను. ఒంగోలులో బడి పెడితే బ్రాహ్మణుల పిల్లలు చదువుకోవడానికి వచ్చారు. పట్టణంలో పెద్దలు ఆదరంగానే వున్నారు. ఇంతలో మాదిగలు మతంలో చేరతామని వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు రారన్నారు పెద్దలు. దొర సంకటంలో పడ్డాడు. పైకులాలను పట్టుకుంటే కిందివాళ్లు వాళ్లే వస్తారన్నది ఆనాటి మిషనరీలలో చాలామంది సిద్ధాంతం. ఆ రాత్రి ఆయన వొక గదిలో, ఆయన మొదటి భార్య హారియట్ మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ వొకే భాగం కనబడిందట. లోకంలో నీచులను, తృణీకరింపబడినవారిని దేవుడు ఎన్నుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన భాగం. దొర మాదిగల పక్షాన నిలబడ్డాడు. బడి ఖాళీ అయింది.

ఇద్దరికీ వొకే పేజీ తెరుచుకోవడం దైవికమా, ఆ దంపతుల మనసుల్లో అప్పటికే వొకే ప్రశ్న వుండడమా అన్న తగువు నాకు ముఖ్యం కాదు. ఇక్కడ కష్టం ఆయనది, నిర్ణయం ఆయనది, నష్టమూ ఆయనది. అందువల్ల ఆయన పొందిన విశ్వాసమూ ఆయనదే. ఈ ఘట్టంలో అబద్ధపు స్వరం లేదు. కులం ముందు లొంగిన సంస్కర్తలను మన సాహిత్యంలో ఎందరినో చూశాం గనక దీని విలువ మనకు తెలుస్తుంది.

కాని ఆ మాదిగలు ఎవరు? ఎందుకు వచ్చారు? ఇక్కడే పుస్తకం కట్టుబాటును దాటుతుంది. ఒంగోలుకు పడమటగా దూరాన వున్న తాళ్లకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వుండేవాడు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరు ప్రాంతంలో క్రీస్తు బోధ విన్నాడు. అంతకుముందే ఆయన వెతుకులాటలో వున్న మనిషి. నాసరయ్య అనే యోగి బోధనలు ఆ ప్రాంతపు మాలమాదిగ పల్లెలలో పాకి వున్నాయి. వీరమ్మ అనే స్త్రీని గురువుగా ఎంచుకుని పేరయ్య రాజయోగం నేర్చుకున్నాడు. విగ్రహంలో దేవుడు లేడన్న సంగతి పేరయ్యకు చెప్పడానికి అమెరికానుంచి ఎవరూ రానక్కరలేకపోయింది. 1866లో బాప్తిస్మం పొందిన నాటినుంచి పేరయ్య వూరూరా తిరిగి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చింతతోపులో వినడానికి సిద్ధంగా జనం వున్నారు. ఆ విడత 28 మంది చేరారు.

వీరబ్రహ్మం, వేమన, అచలబోధ, రాజయోగం - ఈ దారులన్నీ మాలమాదిగ పల్లెలలో ఎట్లా నడిచాయో తెలుసుకోవాలంటే మన సాహిత్య చరిత్రలు పెద్దగా సాయం చెయ్యవు. ఎమ్మా 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే పుస్తకం చేస్తుంది. చెప్పులు కుట్టుకుంటూ మాదిగలు చెప్పుకున్న కథలవి. తెలుగు ఎం.ఏ. పాఠ్యప్రణాళికలో ఎన్నో శతకాలకు చోటిచ్చిన మనం ఈ గురుపరంపరకు చోటివ్వలేదు. అది వేరే వ్యాసానికి విషయం.

‘కృతజ్ఞత’ అన్న మాటను మనం చాలా తేలిగ్గా వాడతాం. కృతజ్ఞుడంటే చేసినదాన్ని ఎరిగినవాడు. కృతం, అంటే జరిగిన పని. జ్ఞ, అంటే ఎరిగినవాడు. మాటలో ఎక్కడా వంగడం లేదు, దణ్ణం లేదు. ఎవరు ఏమి చేశారో తెలిసివుండడం మాత్రమే వుంది. ఆ అర్థంలో పేరయ్య ఘట్టాలు నిజమైన కృతజ్ఞతతో రాసినవి. తన ఉద్యమానికి పునాది తాను కాదని, తాను వచ్చేసరికి పునాది తీసి వుందని వొక తెల్లదొర ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఇక కరువు. 1876లో వానలు తప్పాయి. ధాత సంవత్సరం కనక ధాత కరువన్నారు. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తున్న సమయానికి మద్రాసు రాజధానిలో జనం రోడ్లమీద పడిపోతున్నారు. ధాన్యం ఎగుమతులు ఆగలేదు. కరువు పనులలో మగకూలీకి రోజుకు వొక పౌను ధాన్యం, దానిపైన వొక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. ఆ కరువులో చచ్చిపోయినవాళ్లు లక్షలలో వున్నారు. ఇదంతా దేవుడి శోధన కాదు. వానలు పడకపోవడం ప్రకృతి, మిగిలినదంతా పరిపాలన.

క్లౌ ఏమి చేశాడు? బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టు తీసుకున్నాడు. పూర్వపు సర్వేయరు విద్య అప్పుడు అక్కరకు వచ్చింది. రాజుపాలెం దగ్గర గుడిసెలు వేయించి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఇందులో వొక మెలిక వుంది. మిగతా ముక్కలలో మేస్త్రీలు పైకులాలవాళ్లు. మాలమాదిగలకు అక్కడ తిట్లూ దెబ్బలూ, కూలిలో కోతలూ తప్పలేదు. తమ కులంవాడే మేస్త్రీగా నిలబడి, కొలత కొలిచి, కూలి చేతిలో పెట్టడమన్నది ఆ జనం అంతకుముందు ఎరగని అనుభవం. విశ్రాంతి వేళ ఆ మేస్త్రీయే కూచుని బోధ చేశాడు. ప్రయాసపడి భారం మోసేవాళ్లందరూ రండి అనే క్రీస్తు మాట, తట్ట మోసి దించిన మనిషి చెవిన పడింది. ఆ మాటకు అంతకంటె సరైన శ్రోత ఎక్కడ దొరుకుతాడు?

ఇది ధర్మం కాదు, కూలి. నా వుద్దేశంలో క్లౌ చేసిన పనులన్నిటిలోకీ గొప్పది ఇదే. దానం చేస్తే దాతకు కృతజ్ఞత చెప్పాలి. కూలి ఇస్తే లెక్క సరిపోతుంది. పైగా కరువు ముదిరినకొద్దీ మతంలో చేరతామని జనం వస్తుంటే ఆయన పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండికోసం వస్తున్నారన్న అనుమానం ఆయనకూ వుంది. కాలువ పని ముగిశాక 1878 జూన్‌లో గుండ్లకమ్మ వొడ్డున వెల్లంపల్లి దగ్గర బోధకులను కూడమంటే వాళ్ల వెంట వేల జనం వచ్చారు. సహాయానికని అనుకుని నా దగ్గర ఇవ్వడానికేమీ లేదన్నాడు దొర. మేము సాయానికి రాలేదు, చేర్చుకోమని వచ్చామన్నారు జనం. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది ఆ ఏట్లో మునిగి లేచారు. ఏడాది తిరిగేసరికి 9,606 మంది.

మన విమర్శకులు కొందరు ఈ ఘట్టాన్ని వొక్క ముక్కలో తేలుస్తారు: కూటికోసం మతం మారారు. లెక్క చూస్తే ఆ మాట నిలవదు. కూడు దొరికిన పదిహేను నెలలూ బాప్తిస్మం లేదు. కూడు ఆగిపోయాక బాప్తిస్మం. అయినా నాకు అంతకంటె పెద్ద అభ్యంతరం వేరే వుంది. కూటికోసం అన్న మాటను తిట్టుగా వాడే హక్కు భౌతికవాదికి ఎక్కడిది? మనిషి ఆలోచనకు అతని బతుకే మూలమని పాఠాలు చెప్పే మనం, మాదిగ దగ్గరకు వచ్చేసరికి కడుపుతో సంబంధంలేని శుద్ధ విశ్వాసం కావాలంటున్నాం. అగ్రహారం మాన్యాలు తిన్నవాడి భక్తిని ఎవరూ కూటి భక్తి అనలేదే! తట్టా పారా పట్టినవాడు తన కూలి సరిగా కొలిచిన మనిషి దేవుణ్ణి నమ్మితే, అతడు తన అనుభవంనుంచే ఆ నిర్ణయానికి వచ్చాడు.

ఇంతవరకూ నేను క్లౌ పక్షమే. వొక చోట ఆగిపోతాను. ఆ 2,222 అనే అంకె దగ్గర. అపొస్తలుల కార్యాలలో పెంతెకొస్తు నాడు మూడువేల మంది చేరారు. మిషను సాహిత్యమంతా దాన్ని తలుచుకుంటూ ఈ అంకెను మురిపెంగా చెబుతుంది. కాలువ పొడవు మూడున్నర మైళ్లని తెలుస్తుంది. ఏట్లో మునిగినవాళ్ల సంఖ్య వొకట్ల స్థానంతో సహా తెలుస్తుంది. ఆ పల్లెలలో ఆ రెండేళ్లలో చచ్చినవాళ్ల లెక్క మాత్రం ఆ నిక్కచ్చితో తెలియదు. టెంపుల్ కూలి అన్నదొకటి వుందని, అది మనుషులను చంపిందని కోపగించుకున్న గొంతు ఈ కథనంలో నాకు వినబడలేదు. కష్టాన్ని వరంగా మార్చుకోవడం విశ్వాసికి వున్న శక్తి. తన కష్టాన్ని అలా మార్చుకున్నవాణ్ణి నేను గౌరవిస్తాను. బడి ఖాళీ అయిన రాత్రి క్లౌ చేసినది అదే. ఇతరుల ఆకలిని తన విశ్వాసానికి సోపానంగా మార్చుకునే కథనాన్ని అంగీకరించలేను. కొండమీద ప్రార్థన, గుండ్లకమ్మలో ఫలం అని కథ చెప్పినప్పుడు నడుమ పడిపోయిన శవాలు దేవుడి ఏర్పాటులో భాగమైపోతాయి. అంత కృతజ్ఞత ఏ దేవుడికీ గౌరవం కాదు.

చేరినవాళ్ల కృతజ్ఞత సంగతేమిటి? వూళ్లో మాదిగ బతుకంతా కృతజ్ఞత మీదే కట్టబడి వుండేది. చచ్చిన గొడ్డు మాదిగది. దానికి బదులు రైతుకు చెప్పులూ కపిలకు తోలు బానా అతడు కుట్టి ఇవ్వాలి. జాతరకు డప్పు కొట్టాలి, వెట్టి చెయ్యాలి. కల్లంలో గింజలు పెట్టినప్పుడు ‘మీ వుప్పు తిన్నాం దొరా’ అని వంగాలి. పంచుకోవలసినదాన్ని పెట్టినట్టు చూపించడమే ఆ వ్యవస్థ రహస్యం. క్లౌ చేరినవాళ్లకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడడానికి మత నియమాలే. కాని మూడూ కలిసి వూరి కట్టు మీద గొడ్డలి పెట్టాయి. ఆదివారం రానన్న మాదిగ వారంలో వొకరోజు తన కాలానికి తానే యజమాని అయ్యాడు. గొడ్డును ముట్టనన్నవాడు, దాని పేరుతో చేసే చాకిరీని ప్రశ్నించాడు. మొక్కనన్నవాడు డప్పు దించాడు. దానికి వూరు చేసిన ప్రతీకారం - బావి నీళ్లు ఆపడం, పని ఇవ్వకపోవడం, కొట్టడం - అనుభవించింది దొర కాదు. ఈ పుస్తకంలో నిజమైన యువ మిషనరీలు ఎవరంటే, నా వోటు ఆ వూళ్లలో నిలబడినవాళ్లకే.

మా కాలేజీలో వొక విద్యార్థి, తరగతిలో కృతజ్ఞత అన్న పదం విడదీసి చెబుతుంటే, ‘మా నాయనమ్మ ఆ మాట అనదండీ, స్తోత్రం అంటుంది’ అన్నాడు. స్తోత్రం దేవుడికి, వందనం మనుషులకి. దండం దొరా అన్న నోట ఈ రెండు మాటలూ చేరాయి. పైనున్నవాడికి తప్ప మరెవరికీ వంగనక్కరలేదని ఆ స్తోత్రంలో వుంది. ఆ పైనున్నవాడి పేరుమీద మిషను బంగళా మెట్ల దగ్గర వంగడం తర్వాత వచ్చింది, అదీ నిజమే.

జాషువా ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ కవి తన కథానాయకుడిచేత స్తోత్రం చేయించలేదు. గబ్బిలంచేత కాశీలో శివుడికి ఫిర్యాదు పంపించాడు. ఆకలిగొన్నవాడికి దేవుడితో మొదటి సంబంధం ఫిర్యాదేనని జాషువా తెలుసుకున్నాడు. యోబు గ్రంథం చదివిన మిషనరీకి ఇది కొత్త కాకూడదు.

2000లో వచ్చిన జి. కళ్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ను క్లౌ పుస్తకం పక్కన పెట్టి చదవమని పాఠకులను కోరుతున్నాను. అదే కరువు, అదే కాలువ. శివయ్య, శశిరేఖ ఆకలితో వూరు విడిచి కాలువ పనికి నడిచిపోతారు. శివయ్య క్రైస్తవంలో చేరి సైమన్ అవుతాడు. క్లౌ కథలో సంఖ్యగా ఏట్లో దిగినవాడు నవలలో పేరుతో, భార్యతో, వెనక వొక తాతల కథతో దిగుతాడు. అక్కడ కష్టం వరమూ కాదు, శోధనా కాదు. నడవవలసిన దూరం, పట్టవలసిన పార. శివయ్య నమ్మిన దేవుణ్ణి రచయిత ఎగతాళి చెయ్యలేదు, పొగడనూ లేదు. చేసినదెవరో మాత్రం ఎరిగి రాశాడు. క్లౌ పేరయ్య గురించి చెప్పిన పుటలకూ ఈ నవలకూ నడుమ ఎనభైఆరేళ్లున్నాయి. ఆ ఎనభైఆరేళ్లలో మూడున్నర మైళ్ల కాలువ తవ్వినవాళ్ల గురించి తెలుగు విమర్శ రాసినదెంతో గ్రంథాలయాలలో వెతికితే రెండు చేతుల్లో పట్టేంత కూడా దొరకదు.